తొంభై ఆరో పేజీ

కుర్మయ్య సేటు మూడు గైడ్లు దులిపి
బల్ల మీద పరిచిండు, పేకముక్కల్లెక్క.
"ఇంటర్ సెకండియర్ హిస్టరీ, తెలుగు మీడియం.
నిమ్మలంగ చూస్కో బిడ్డా,
కోయిలకొండ బస్సుకింకా టైముంది."

చున్నీ కొసకు నూట ఎనభై రూపాయలు.
అమ్మ పొద్దుగాల బస్టాండు ముంగట
గంపెడు సీతాఫలాలమ్మిన పైసలు.
నోట్లకింకా పండు జిగురు.

మొదటిది నీలం అట్ట, సన్నగ.
పాస్ గ్యారంటీ అని ఎర్రక్షరాలు.
లోపల రాజులు రెండో లైన్ల గద్దెనెక్కి
మూడో లైన్ల సచ్చిపోతరు.
కాకతీయుల చెరువుల్ల నీళ్లు లేవు,
నీటిపారుదల అని ఒక్క మాట ఉంది,
అది తాగి పది మార్కులెట్ల తెచ్చేది?

రెండోది లావు.
చేతుల వట్టుకుంటె ఇటుక బరువు,
ఒక్కో జవాబు ఆరు పేజీలు.
"ఇది చదివినోళ్లకు తొంభై దాటుతయి,
రెండు వందల అరవై."
బస్సు ఫ్రీ అయింది గాని
గైడు కాలేదు గద సేటూ, అన్న.
నవ్విండు గాని ధర దించలే.

కొనకున్నా తిప్పి చూసిన.
కుతుబ్ షాహీల కాడ వేలు వెట్టి
మా కోట ఏడన్న ఉంటదేమోనని వెతికిన.
గోల్కొండ ఉంది. చార్మినార్ ఉంది.
ఆ తర్వాత "మొదలైనవి" ఉంది.
మేం మొదలైనవిల ఉన్నం.
మా మేకలదొడ్డి గోడల మూడు రాళ్లు కోటవే.
ఒకదాని మీద చెక్కిన పువ్వు సగమే మిగిలింది,
ఆ సగానికే మా నల్లమేక వీపు గోక్కుంటది.

మొయిన్ సార్ అన్నడొకపారి,
"గైడంటే అడ్డదారి. తప్పేం లేదు,
పొద్దుగూకితే నేను గూడ చేన్లకెళ్లే పోత.
తొవ్వల ఏమేం ఇడిసిపెట్టి వచ్చినవో
అది యాదుంచుకో, సాలు."

మూడోది పాతది. తొంభై రూపాయలు.
అట్ట పోతే క్యాలెండర్ కాయితం తొడిగిన్రు,
జూలై నెల, ఆదివారాలు ఎర్రగ.
లోపల పేరు: కేతావత్ సునంద, హెచ్.ఈ.సి.
పేరు కింద గూడ స్కేలు పెట్టి గీత.

మూడు చుక్కలు పెట్టిన ప్రశ్నలు,
"పోయినేడొచ్చింది, ఈపారి రాదు" అని ఓ మూల.
షేర్షా సంస్కరణల పక్కన
ఉప్పు, రెండు సబ్బులు, చెల్లెకు రబ్బరు.

తొంభై ఆరో పేజీ దాకా గీతలే గీతలు.
పద్దెనిమిది వందల యాభై ఏడు,
తిరుగుబాటు ఓడిపోవుటకు ఐదు కారణాలు.
నాలుగింటి కింద పెన్సిలు నిటారుగ నడిచింది.
ఐదోదాని కింద
సగం మాట దాకా వచ్చి ఆగింది.
ఆనక అన్ని పేజీలు తెల్లగ,
ఉతకని కొత్తబట్ట లెక్క.

"ఎవరమ్మిన్రు సేటూ ఇది?"
"కిలోల లెక్కన కొంట బిడ్డా,
కిలోలకు పేర్లేడుంటయి?"

ఏమైందో సునందక్కకు.
పుణె మేస్త్రి బండెక్కిందా,
ఎవలన్న లగ్గం పెట్టుకున్నరా...
ఎప్పుడు చెడ్డదే యాదికొస్తది మనకు.
పెన్సిలే అయిపోయి ఉండొచ్చు.
నిద్రొచ్చి ఉండొచ్చు.
ఆ లావు గైడు ఎవరన్న ఇచ్చి ఉండొచ్చు,
తొంభై దాటి ఏ హాస్టల్లనో
ఇంతకన్న పెద్ద పుస్తకం మీద గీతలు గీస్తుండొచ్చు.

నీలం దాన్ని సేటు దిక్కు నెట్టిన.
పాతదాన్ని చున్నీల చుట్టిన.
ఐదు రూపాయలకు పెన్సిలొకటి.

బస్సుల కిటికీ కాడ సీటు దొరికింది.
పండ్లతోని పెన్సిలు కొన కొరికి
తొంభై ఆరో పేజీ తీసిన,
సగం మాట కాన్నుంచి మొదలువెట్టిన.
గుంతల రోడ్డు, కుదుపుకు గీత
కిందికి జారి, మళ్ల మీదికెక్కి
మా ఊరి గుట్ట లెక్క వంకర పోయింది.

స్కేలు సునందక్క కాడనే ఉంది.